గోడముక్కు

"ఇంట్లో అమోనియా కంపు," అంది గోడముక్కు. ఇప్పుడు ప్రతి ఫ్లాట్‌లోనూ ఉంది, వాసనలు పట్టే ఈ యంత్రం.

బాత్రూమ్‌లో మా ఆయన గురి సంగతి తెలిసినదాన్ని. తిట్టుకుంటూ ఫినాయిల్‌తో రెండుసార్లు కడిగాను. అయినా అదే పాట.

ఒళ్లు మండి దాన్ని గోడ నుంచి పీకి ఇల్లంతా తిప్పాను. సోఫాలో మగతగా పడున్న మా ఆయన నోటి దగ్గర అది గొంతు చించుకుంది. ఫిట్స్ మాత్ర డోసు పెంచినప్పటి నుంచీ ఆయన తీరే మారింది. పొద్దున కాఫీలో ఆవకాయ కలుపుకున్నారు.

డాక్టరుకు ఫోన్ చేశాను.

"ఆ మాత్ర వల్ల రక్తంలో అమోనియా పెరగొచ్చమ్మా. వెంటనే తీసుకొచ్చేయండి."

"కంపు దొరికింది," అంటూ గోడముక్కు ఆయన మొహం మీద మల్లెల సెంటు కొట్టింది. "ఇల్లు శుభ్రం."

దాన్ని కమోడ్‌లో పడేసి, ఆయన చంక కింద చెయ్యేసి లేపాను. ఆ మల్లెల వాసనతోనే ఆస్పత్రికి బయల్దేరాం.