కాలెబ్ స్ట్రౌట్ నొప్పన్నాడా?

బేస్‌బాల్ ఆట ఏడో ఇన్నింగ్స్‌లో చెక్క బెంచీల మీంచి ఒకాయన లేచి అరిచాడు.

"ఆ కుర్రాణ్ణి ఆపండయ్యా, మోచెయ్యి పోతుంది."

మేనేజర్ గోరం పొగాకు ఉమ్మి వెనక్కి తిరిగాడు.

"ఎవడ్రా వాడు? అవతలి జట్టు మీద పందెం కాసినట్టున్నాడే."

జనం నవ్వారు.

బంతి విసురుతున్న ఎబెన్‌కి పంతొమ్మిదేళ్ళు. పొలం పని వదిలి, ఏప్రిల్‌లో జీతానికి ఆడటం మొదలుపెట్టాడు. జట్టుకు బంతి విసిరేవాడు అతనొక్కడే.

ఆదివారం ఆడటం పాపం కనుక ఆ రోజే అతని చేతికి విశ్రాంతి. ఆదివారం దేవుడిది. మిగతా ఆరు రోజులూ ఆ చెయ్యి ఎవరిదో ఎవరూ ఆలోచించలేదు.

ఆట అయ్యాక ఆ మనిషి కంచె దగ్గరికి వచ్చాడు.

"బాబూ, పొద్దున చొక్కా గుండీలు ఏ చేత్తో పెట్టుకున్నావు?"

ఎబెన్ తెల్లబోయాడు. "ఎడం చేత్తో. మీకెలా తెలుసు?"

"ఇక ఈ నెల బంతి ముట్టకు."

అంతలో గోరం వచ్చిపడ్డాడు.

"పందెంరాయుడా, ముందు బయటికి నడు. ఒరేయ్ ఎబెన్, నొప్పిని విసిరి విసిరే వదిలించుకోవాలిరా. గుర్రాల తైలం రాసుకో. కాలెబ్ స్ట్రౌట్ ఒక్క వేసవిలో డెబ్భై ఆటలు విసిరాడు. ఒక్కనాడైనా నొప్పన్నాడా?"

పేరుమోసిన ఆ ఆటగాడి గురించి గోరం పత్రికల్లో చదివాడు, అంతే; మనిషిని చూడలేదు.

"అన్నాడు. ఎవరూ వినలేదు," అన్నాడా మనిషి.

"పక్కనుండి చూసినట్టు చెబుతున్నాడే!"

మళ్ళీ నవ్వారు. గేటు మూశారు.

శనివారం బంతి విసురుతుంటే ఎబెన్ మోచేతిలోంచి ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడు వచ్చింది.

సోమవారం అతను ఊరికి వెళ్ళే రైలు కోసం వచ్చాడు, చెయ్యి మెడకు కట్టుకుని. ప్లాట్‌ఫాం ఊడుస్తున్నది ఆ మనిషే.

"మీ మాట వినాల్సింది," అన్నాడు ఎబెన్.

ఆయన ఊడవడం ఆపి, ఆ కట్టు కేసి చూశాడు.

రైలు ఆగింది. కొత్త కుర్రాడొకడు దిగాడు. గోరం ఎదురెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"చీపురాయనా, పక్కకి జరుగు," అంటూ నడిచాడు. "అబ్బాయ్, కాలెబ్ స్ట్రౌట్ పేరు విన్నావా?"

ఆయన పక్కకి జరిగాడు.

"మీ పేరైనా అడగలేదు నేను," అన్నాడు ఎబెన్, రైలెక్కుతూ.

ఆయన చీపురు చంకలో పెట్టుకుని, వంగిపోయి బిగుసుకున్న కుడిచేతిని కదపకుండా ఎడంచెయ్యి చాపాడు.

"వాడు చెబుతున్నది నా పేరే బాబూ."