తోమేసిన కడ్డీలు

"ఈ కడ్డీలు ఎవరు తోమారు?"

మురుగు తొట్టిలో ఆ కడ్డీలు అమర్చిపోయిన యూనివర్సిటీ నగుమో వచ్చీ రాగానే అడిగింది. సోయా పాలతో చేసే జున్ను, అదే టోఫు, అమ్మే కొట్టు ఇవావో తల గోక్కుని తల్లి వైపు చూశాడు. ఏడాది చివర ఇల్లూ కొట్టూ కడగడం ఆ ఊళ్లో అందరికీ అలవాటే. అతని తల్లి తోమియే మురుగు తొట్టిని కూడా వదల్లేదు. బొగ్గు కడ్డీలకు పట్టిన జిగురంతా పీచుతో రుద్ది నిగనిగలాడించింది.

"అంత పాచి ఉంచుకుని కొత్త ఏడులోకి ఎలా వెళ్తాం అమ్మాయ్?" అంది.

పని చేసేది ఆ పాచేనని నగుమో చెప్పింది. అందులో కంటికి ఆనని బాక్టీరియా కోట్లలో కాపురం ఉంటాయి. టోఫు పిండిన నీళ్లలో మురికి తిని కడ్డీకి కరెంటు ఇస్తాయి. కడ్డీ నుంచి తీగతో కలిపిన మీటరు ముల్లు లేస్తే నీళ్లు శుభ్రపడుతున్నట్టు. ఇప్పుడది సున్నా దగ్గర పడుకుంది. సెలవులు కాగానే ఊరి అధికారి చూడ్డానికి వస్తాడు. ముల్లు లేవకపోతే నీళ్లు ఏట్లోకి వదలనివ్వడు. కొట్టు మూతే.

"ప్రాణం ఉన్నవా అవి?" తోమియే అడిగింది.

"ఉండేవి."

"చీమని తొక్కదు మా అమ్మ. ఒక్క పూటలో కోట్లు..." ఇవావో తల్లి మొహం చూసి ఆగిపోయాడు.

సెలవులు అయ్యాయి. తెల్లారితే అధికారి వస్తాడనగా నగుమో మనసు రాయి చేసుకుని వచ్చింది. ముల్లు పైన ఉంది. తీగ ఊడదీసి మళ్లీ తగిలించింది. మళ్లీ లేచింది, మునుపటికంటే ఎత్తుకి. తొట్టి మీదికి వంగి వాసన చూసింది. బియ్యపు సారా.

తోమియే దాచలేదు. చంపింది తనే కదా, పోయినవాటికి రోజూ అగరొత్తి వెలిగించి, గిన్నెడు సారా తొట్టిలో వదిలి దణ్ణం పెట్టుకుంటోందట.

నగుమో తొట్టి గట్టు మీద కూలబడి నవ్వింది.

"అన్నీ చావలేదు బామ్మగారూ. కడ్డీ సందుల్లో మిగిలినవి మీ సారా తాగి పెరిగాయి. రేపటిదాకా ఆపకండి. ఇంకో గిన్నె పొయ్యండి."

"బతికే ఉన్నాయా?"

ముసలామె మొహం విప్పారింది. సీసాకి బిరడా గట్టిగా బిగించింది.

"అయితే ఇంక చుక్క పొయ్యను. బతికున్నవాళ్లకి తాగుడు నేర్పడమెందుకు? ఈ ఇంట్లో మా వాడొక్కడు చాలు."