చివరి గాడి

ఎడ్నా స్టానిఫోర్త్ కౌంటరు మీద పెట్టిన రికార్డును డెన్నిస్ కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూశాడు. ఇరవై రెండేళ్లుగా పాత రికార్డుల వ్యాపారం. మాటలు విని మోసపోయాడేమో గానీ, రికార్డు మీది గాళ్లు చూసి ఎన్నడూ మోసపోలేదు.

మొదటి వైపు అద్దంలా ఉంది. రెండో వైపూ అంతే. ఒక్కసారి కూడా పూర్తిగా విన్న జాడ లేదు. లేబులు పక్కనున్న ఆఖరి గాడి మాత్రం బూడిద రంగుకి తిరిగి, ఎలుక కొరికినట్టు అరిగిపోయింది.

"దీన్ని ఫోర్కుతో విన్నారా ఏంటమ్మా?"

"ముల్లుతోనే నాయనా. వారం నుంచి జారిపోతోంది. ఇది తీసుకుని మంచిదివ్వు. పైన ఎంతవుతుందో చెప్పు."

ఆమె ఇలా రావడం ఇది ఐదోసారి. మూడేళ్లకోసారి వస్తుంది, అదే రికార్డు అడుగుతుంది. టెంపర్ మిల్ అనే బ్యాండు 1981లో వేసిన 'టూ టిల్ టెన్'. షెఫీల్డ్ కుర్రాళ్లు ముగ్గురు. డ్రమ్ములు, ఇనప రేకులు, గొలుసులు, చెడిపోయిన టేపు రికార్డర్లు, ఇవే వాళ్ల వాయిద్యాలు. కవరు మీద పేర్లుండవు, కార్ఖానా హాజరు కార్డుల్లోలా నంబర్లే. వేసింది ఐదు వందల కాపీలు. ఆ ఏడాదే డ్రమ్ములు వాయించేవాడు చచ్చిపోయాడు. బ్యాండు అక్కడితో సరి. రెండో రికార్డు రాదని తేలిపోయాక మొదటిదాని ధర పెరుగుతుంది. ఆ నియమం డెన్నిస్ పెట్టింది కాదు.

ఈసారి షాపులో ఉన్నది ఒక్కటే కాపీ. దాని కోసం హాంబర్గ్ నుంచి ఓడెక్కి వచ్చిన హోల్గర్ అక్కడే, అల్మరా పక్కన, తడి టోపీతో నిలబడి ఉన్నాడు. తొంభై పౌండ్లు అనుకున్నారు ఉత్తరాల్లో.

"ఉన్న ఒక్కటీ ఈయనకి అమ్మేశానమ్మా."

ఎడ్నా హోల్గర్ వైపు చూసింది. "ఇంత దూరం దీనికోసమే వచ్చాడా?"

"మీరు మాత్రం? పన్నెండేళ్లుగా కొంటున్నారు. అంతగా ఏం నచ్చింది మీకు?"

"నాకా? ఒక్క పాటా నచ్చలేదు. గిన్నెలన్నీ మెట్ల మీంచి దొర్లినట్టుంటుంది."

హోల్గర్ నవ్వాపుకోలేకపోయాడు.

"అయితే సీడీ తీసుకోండి. అరగదు, గీతలు పడవు."

"కొన్నాను. అందులో చివరిది అర నిమిషానికే ఆగిపోతుంది."

అది నిజం. రికార్డులో ఆ ఆఖరి గాడి గుండ్రంగా తిరిగొచ్చి తనలోనే కలుస్తుంది. ఎవరో ఒకరు ముల్లు ఎత్తేదాకా అదే చప్పుడు. లోతుగా ఒక పెద్ద దెబ్బ, వెంటనే ఒక చిన్న దెబ్బ. మళ్లీ పెద్దది, మళ్లీ చిన్నది.

"అదేం చప్పుడో తెలుసా?" డెన్నిస్ హోల్గర్‌ని అడిగాడు. సరుకుతో పాటు దాని కథ కూడా ఇవ్వడం అతని పద్ధతి. "షెఫీల్డ్‌లో ఆటర్‌క్లిఫ్ పేట ఉక్కు కార్ఖానాలోని ఆవిరి సుత్తి. మా వీధి చివరే కార్ఖానా. పెద్ద దెబ్బ సుత్తి పడటం, చిన్నది అది ఎగిరి మళ్లీ తగలడం. నన్ను నిద్రపుచ్చింది మా అమ్మ కాదు, ఆ సుత్తే. ఇప్పుడక్కడ కారు పార్కింగు. మా ఈడువాళ్లు ఎవరు విన్నా ఇట్టే పోల్చుకుంటారు."

చెబుతుంటే అతనికేదో తట్టింది. ఎడ్నా వైపు తిరిగాడు.

"మీ ఆయన చేసింది కార్ఖానాలోనా అమ్మా?"

"ముప్పై ఒక్కేళ్లు. సుత్తి దగ్గరే. ఆయన పోయి ఆరేళ్లయింది."

లెక్క కుదిరింది. ఇన్నాళ్లూ ఆమెది ఏదో పిచ్చి అనుకున్నాడు. కాదు, మొగుడి సుత్తి వినడానికి కొంటోంది. డెన్నిస్ మనసు కరిగింది గానీ, తొంభై పౌండ్లంత కరగలేదు.

"నాకు మళ్లీ దొరికితే మీకే పెడతాను," అన్నాడు.

"ఎప్పటికి?"

"చెప్పలేను. బయట ఇక పెద్దగా లేవు."

ఎడ్నా తలూపింది. తన పాత రికార్డును జాగ్రత్తగా కవర్లో పెట్టుకుంది. "పోనీ, అది కట్టేముందు ఒక్కసారి ఆ చివరిది పెట్టు నాయనా. ఈయనకి అభ్యంతరం లేకపోతేనే."

హోల్గర్ తలూపాడు. డెన్నిస్ ముల్లును ఆఖరి గాడిలో దింపాడు.

ఎడ్నా కుడి చేతి ఉన్ని తొడుగు తీసి, అరచేతిని స్పీకరు గుడ్డ మీద ఆనించింది. పెద్ద దెబ్బ, చిన్న దెబ్బ. బయట బస్సు ఆగింది, జనం దిగారు, బస్సు వెళ్లిపోయింది. ఆమె అటు చూడలేదు. హోల్గర్ ఎందుకో టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

రెండు నిమిషాలు గడిచాయి. తిరిగే రికార్డు మీదే డెన్నిస్ కళ్లు. ఒక్కో చుట్టుకీ కొత్త సరుకు కొంచెం కొంచెం పాతబడుతోంది.

"ఇంక ఇంతేనమ్మా. సాయంత్రం దాకా ఉంచినా ఇదే సుత్తి."

"ఇంకొంచెంసేపు ఉంచు."

"ఈయన కొనుక్కున్న సరుకమ్మా. అరిగిపోతుంది."

ముల్లు ఎత్తేశాడు.

షాపు నిశ్శబ్దమైపోయింది. ఎడ్నా చెయ్యి స్పీకరు మీదే ఉండిపోయింది.

"సుత్తి కాదు నాయనా," అంది ఎడ్నా, "డ్రమ్ములు వాయించే మా అబ్బాయి నైజెల్ చేత చొక్కా విప్పించి, వాడి గుండె మీద మైకు ఆనించి పట్టారు ఆ చప్పుడు."