కదలని గురి

"ఈ మూడింటిలో ఏది?" అన్నాడు కెప్టెన్ హాతెం, గది ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తూనే.

బల్ల మీద మూడు తుపాకి స్కోపులు వరుసగా ఉన్నాయి. ఒకటి పొట్టిది, ఒకటి నడిమిది, ఒకటి మూరెడు పొడవుది. పక్కనే ఇంటి యజమాని అబూ నాసర్ పోటీలకు వాడే తుపాకి. గంగాధర మెత్తని గుడ్డతో అద్దాలు తుడుస్తున్నాడు. తొమ్మిదేళ్లుగా సాల్మియాలోని ఈ ఇంట్లో అతని పని అదే. యజమాని ఎడారిలో గురి పోటీలకు వెళితే బెంచీ వేయాలి, ఇసుక సంచులు సర్దాలి, అద్దాలు తుడవాలి.

ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగి ఎనిమిది వారాలైంది. హాతెం ఈ ఇంటి మేడను ఆక్రమించి ఆరు వారాలైంది. ఇరవై రోజుల క్రితం ఇదే కిటికీ నుంచి, వీధిలో రొట్టెల కోసం నిలబడిన వరుస మీద అతడు కాల్చాడు. యజమాని ఒక్కగానొక్క కొడుకు నాసర్ కూలిపోయాడు. ఎత్తుకుందామని పరుగెత్తిన డ్రైవరు మునీంద్ర అతని మీదే కూలిపోయాడు. మునీంద్ర, గంగాధరకు తోడబుట్టినవాడు. ఆ మర్నాటి నుంచే యజమాని కనబడలేదు. ఖఫ్జీ దారిన సౌదీకి పారిపోయాడని గంగాధరే అందరికీ చెప్పాడు.

"పొట్టిది చాలదా? తేలిగ్గా ఉంది."

"అది నాలుగింతలే చూపిస్తుంది సయ్యిదీ. ఈ పొడుగుది ముప్పై ఆరింతలు. ఎదురు మేడ పక్కగా, దూరాన ఆ నీళ్ల బురుజు మీద పావురం రెప్ప వేసినా తెలుస్తుంది."

కెప్టెన్ నడక మందగించింది గాని ఆగలేదు. అతడు ఒకచోట గ్లాసుడు చాయ్ తాగేంతసేపు నిలబడగా ఈ ఆరు వారాల్లో ఎవరూ చూడలేదు. తింటూ నడిచేవాడు, మాట్లాడుతూ నడిచేవాడు, పూటకొక గదిలో పడుకునేవాడు. చంపినవాడికి ఆ మాత్రం జాగ్రత్త తెలుసు.

"బీరువాలో రెండు తుపాకులకు చోటుంది. రెండోదేది?"

"నిరుడే అమ్మేశాడు సయ్యిదీ."

"ఎన్ని జింకలను కొట్టాడేమిటి నీ యజమాని?"

"ఒక్కదాన్నీ కొట్టలేదు. కదిలేదాన్ని ఆయన కొట్టలేడు. బెంచీ మీద తుపాకి ఆనించి, కదలని కాగితాన్ని కొట్టడమే ఆయన ఆట. ఒకే చిల్లులో అయిదు గుళ్లు దూర్చేవాడు."

"కాగితాల వీరుడన్నమాట. అందుకే పారిపోయాడు." కెప్టెన్ నవ్వాడు. గంగాధర కూడా నవ్వాడు.

చాయ్ తెచ్చి గుమ్మంలో నిలబడిన చిన్నక్క నవ్వలేదు. ఆమె మునీంద్ర భార్య, ఆ ఇంటి వంటమనిషి. పళ్లెం కింద పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. గంగాధర వెనకే దిగాడు.

"నవ్వుతాండావా బావా? నీ తమ్మున్ని మట్టిలో పెట్టి నెల గూడా కాలే."

"బస్సు తొమ్మిదింటికి. నీ మూట యాడ?"

"ఆ పొడుగుదాంతో వాడు రేపట్నుంచి ఇంకా బాగా కొడ్తాడు. నేర్పియ్యి, బాగా నేర్పియ్యి. వానికి బెంచీ గూడా వేస్తావా?"

"వేస్తాండా. ఇసుక సంచులు గూడా."

"నువ్వూ, ఆ పెద్దాయనా ఇద్దరూ ఇద్దరే. ఆయన కొడుకును పూడ్చి దేశం దాటిపాయె. నువ్వు వాని అద్దాలు తుడుస్తాండావు. నువ్వు పోయి నీ తమ్ముడు ఉండింటే, ఈపాటికి వాని గొంతు పట్టుకోనుండు."

"పట్టుకోడానికి వాడు ఒక్కచోట నిలబడాల గదమ్మా."

"సాకులు."

"బస్సు అమ్మాన్‌కు పోతాది. ఆడ మనోళ్ల ఇమానం ఉంటాది. పో."

"నువ్వు రావా?"

"నాకు పనుంది."

చిన్నక్క మూట చంకన పెట్టుకుంది. గుమ్మం దాటి, ఆగి, వెనక్కి చూడకుండానే అంది: "నా బిడ్డకు పెదనాయన ఉండాడని చెప్పను బావా. ఇద్దరూ ఒకరోజే పోయినారని చెప్తా."

ఆమె పసుపు చీర రొట్టెల దుకాణం దాటి, మలుపు తిరిగి, కనుమరుగయ్యేదాకా గంగాధర గేటు పట్టుకుని నిలబడ్డాడు. బస్సు కదిలిన చప్పుడు విన్నాక మేడ ఎక్కాడు.

బెంచీని పెద్ద కిటికీకి ఎదురుగా జరిపాడు. ఇసుక సంచులు సర్దాడు. తుపాకికి పొడుగు స్కోపు బిగించాడు. తెర పూర్తిగా లాగాడు. పొద్దుటి ఎండ గదినిండా పరుచుకుంది.

"ఇంత వెలుగెందుకు?"

"అద్దానికి వెలుగే ప్రాణం సయ్యిదీ. కూర్చోండి. బురుజు మీది నీలిగీతలు చూడండి. మసకగా ఉన్నాయా?"

"ఉన్నాయి."

"ఈ మర మెల్లగా తిప్పండి. మీరు కదిలితే బొమ్మ కదులుతుంది. మీ గుండె కొట్టుకున్నా వణుకుతుంది."

"పక్కన ఏముందో ఏమీ కనబడదేమిటి?"

"ఈ స్కోపు అంతే. ఒక్కదాన్నే చూపిస్తుంది. తక్కినదంతా దాచేస్తుంది."

కెప్టెన్ భుజాలు దిగాయి. చెంప తుపాకి కర్రకు ఆనింది. ఆరు వారాలుగా ఆగని పాదాలు రెండూ నేల మీద కుదురుకున్నాయి.

"కనబడింది," అన్నాడు గొంతు తగ్గించి, బొమ్మ చెదురుతుందేమోనన్నట్టు.

గంగాధర ఒక అడుగు వెనక్కి వేశాడు. మరో అడుగు వేశాడు. వీపుకు గోడ తగిలింది.

"అలాగే ఉండండి సయ్యిదీ."

ఎదురు మేడ మీద, తన బెంచీ ముందు, రెండో తుపాకికి చెంప ఆనించి అబూ నాసర్ ఊపిరి బిగబట్టాడు.