డాక్టరు కోసం

క్లాసులు మొదలైన రోజే రాజమాణిక్కం సారు ఆమెను లేపి నిలబెట్టారు.

డిగ్రీలో సైన్సు చదవనివాళ్లు మెడికల్ ప్రవేశ పరీక్షకు తయారయ్యేందుకు ధర్మపురిలో ఒక ప్రైవేటు కాలేజీ 1986లో ఏడాది కోర్సు పెట్టింది. చేరినవాళ్లలో ఎక్కువమందికి ఇరవై, ఇరవై ఒకటి. గోవిందమ్మాళ్‌కు ముప్పై ఆరు. తాలూకా ఆఫీసులో టైపిస్టుగా పద్నాలుగేళ్లు చేసి, రాజీనామా ఇచ్చి వచ్చింది.

ఈ వయసులో ఇదెందుకమ్మా అని సారు తమిళంలో అడిగారు. ఒక డాక్టరు కోసం వచ్చానని ఆమె చెప్పింది. ఎవరో మంచి డాక్టరును చూసి ముచ్చటపడి ఉంటుందనుకున్నారాయన. సంతోషించి కూర్చోమన్నారు.

ఆ డాక్టరు మంచివాడు కాదు.

మూడేళ్ల కిందట ఆమె తమ్ముడు మాదయ్య పాలక్కోడు అవతల ఒక పల్లెలో కట్టడం పనికి పోయాడు. జ్వరం వచ్చింది. అక్కడి డాక్టరు సూది వేశాడు. కాసేపటికే మాదయ్య నోట నురగ వచ్చింది. కూలీలు ఎడ్లబండి తెచ్చేలోపే ప్రాణం పోయింది. వాడికి ఇరవై ఆరేళ్లు. మర్నాడు గోవిందమ్మాళ్ వెళ్లేసరికి క్లినిక్‌కు తాళం. డాక్టరు రాత్రికి రాత్రే ఊరు వదిలేశాడు.

వాడెవడో కనుక్కోవడానికి ఆమెకు రెండేళ్లకు పైగా పట్టింది. తెలిశాక తల్లి పచ్చయమ్మాళ్‌కు మాత్రమే చెప్పింది. వెంటనే పోలీసు స్టేషన్‌కు పోదామంది తల్లి.

"ఇప్పుడు వద్దుమా. వాణ్ణి ఇంకా పైకి పోనీ. కింద ఉండేవాణ్ణి తోస్తే ఏం తగల్తుంది?"

"అంతవరకు నేను ఉండాల కదా?"

"ఉంటావు. ఓర్చుకో."

చదువు ఓ పట్టాన లొంగలేదు. మొదటి ఫిజిక్స్ పరీక్షలో ఆమెకు నూటికి పదకొండు వచ్చాయి. ముందు బెంచీల్లోవాళ్లు వెనక్కి తిరిగి నవ్వారు. ఆమెలాగే నవ్వులపాలైన మనిషి ఇంకొకడు ఉన్నాడు. నంజప్ప. ముప్పై మూడేళ్లు, బి.ఏ. పెరియంపట్టిలో పొలాలున్న కుటుంబం. వయసులో పెద్దవాళ్లని ఇద్దరికీ చివరి బెంచీ ఇచ్చారు. ఆమె లెక్క చేస్తూ తనలో తాను తెలుగులో అంకెలు గొణుక్కోవడం విని, మనవాళ్లే అని అతను సంబరపడ్డాడు. ఆ రోజు నుంచి అక్కా అని పిలవసాగాడు.

మాదయ్య పోయాక ఆ పిలుపు మళ్లీ వినడం అదే మొదలు. గోవిందమ్మాళ్ తల దించుకుని లెక్క పూర్తి చేసింది.

ఆగస్టులో నంజప్ప మానేస్తానన్నాడు. బుర్రకు ఎక్కడం లేదు. ఇంట్లో నాయన పొలం చూసుకోమంటున్నాడు. క్లాసు అయిపోయి అందరూ వెళ్లిపోయాక కూడా బెంచీ మీద నుంచి లేవలేదు.

"నాకు ఇది రాకుంటే ఇంక వేరే బతుకు లేదు అక్కా," అన్నాడు.

ఆమె అతని పుస్తకం మళ్లీ తెరిచి ముందు పెట్టింది.

"వస్తుంది. నిన్ను నేను విడిచిపెట్టను."

అన్నమాట నిలబెట్టుకుంది. తను నేర్చుకుంటూ అతనికి నేర్పింది. సారు చెప్పింది సాయంత్రం ఇద్దరికీ తేలిక మాటల్లో రాసింది. రోజూ పాఠం అప్పజెప్పించుకుంది. ప్రాక్టికల్స్‌లో కప్పను కోయాల్సి వస్తే నంజప్ప కత్తి కింద పెట్టేశాడు. ఆమె కత్తి మళ్లీ చేతికిచ్చి, కోత పూర్తయ్యేదాకా అతని మణికట్టు వదల్లేదు. పరీక్షకు వారం ముందు అతనికి విరేచనాలు పట్టుకుంటే గంజి కాచి తీసుకుపోయింది. సొంత అక్క కూడా ఇంత చూడదని సారే అన్నారు.

ఇన్ని చేస్తున్నా లోపలి మంట మాత్రం చల్లారలేదు. ఆ డాక్టరు అదే ఊళ్లో నవ్వుతూ తిరుగుతున్నాడు. అలా చూసిన రోజు ఆమెకు అన్నం దిగేది కాదు. మాదయ్య చొక్కా ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఇంకెన్నాళ్లని తల్లి అడిగితే వేళ్లమీద నెలలు లెక్కపెట్టి చెప్పేది.

ఫలితాలు వచ్చాయి. నంజప్పకు సీటు దొరికింది. గోవిందమ్మాళ్ దరిదాపుల్లోకి కూడా రాలేదు. వచ్చే ఏడు మళ్లీ రాయమని రాజమాణిక్కం సారు ఓదార్చారు. ఇక అవసరం లేదు సార్ అంది.

నంజప్ప తల్లిని వెంటబెట్టుకుని పళ్లు, పూలు, చీర తెచ్చాడు. పచ్చయమ్మాళ్ వంటింట్లోంచి బయటికి రాలేదు. అతను గోవిందమ్మాళ్ కాళ్లకు మొక్కాడు. లేచేటప్పుడు కళ్లు తుడుచుకున్నాడు.

"కాలేజీలో ఎప్పుడు చేరాల?" అని అడిగింది.

"సోమవారం అక్కా."

"మీ ఊళ్లో అందరికీ తెలుసునా?"

"అందరికీ తెలుసు. మా నాయన ఊరంతా పిలిచి భోజనాలు పెట్టినాడు. నువ్వు లేకుంటే నాకు ఈ రోజు లేదు అక్కా."

"తెలుసు," అంది. "పోయిరా."

వాళ్ల బస్సు కదిలేదాకా గుమ్మంలో నిలబడింది. తర్వాత పాత ఆఫీసుకు వెళ్లి, తెలిసినవాళ్లను అడిగి టైపు మిషను ముందు కూర్చుంది. ఫిర్యాదు పోలీసు సూపరింటెండెంటుకు ఒక ప్రతి, నంజప్ప చేరబోయే మెడికల్ కాలేజీకి ఒక ప్రతి. సూది వేసిన రోజు మాదయ్య పక్కనే ఉన్న ఇద్దరు మేస్త్రీలు సాక్షులుగా వేలిముద్రలు వేయడానికి వరండాలో కూర్చుని ఉన్నారు.

తమ్ముణ్ణి చంపినవాడి పేరు రాయాల్సిన చోట ఆమె ఒక్క అక్షరం తప్పు పోకుండా ఇలా టైపు చేసింది: 'పెరియంపట్టి నంజప్ప, ఏ వైద్యమూ చదవకుండా డాక్టరునని బోర్డు కట్టుకున్నవాడు.'