అమ్మ నొక్కిన మాట

"ఒక్క లైను కోడ్ రాయకుండా యాప్ చేశానంటావేంటే?" అన్నయ్య నా ఫోన్ లాక్కున్నాడు. వాడి ఉద్యోగమే కోడ్ రాయడం.

"ఏం కావాలో ఏఐకి తెలుగులో చెప్పాను. తప్పు చేసినప్పుడల్లా తిట్టి మళ్లీ రాయించాను."

పక్షవాతంతో అమ్మకు కుడిచెయ్యీ, మాటా పడిపోయాయి. యాప్‌లో బొమ్మను నొక్కితే చాలు, దానికి తగిన మాటను ఫోన్ పైకి చెబుతుంది.

"రేపు ఇది పాడైతే బాగుచేయడం వచ్చా నీకు?"

"రాదు. ఎక్కడ పాడైందో చెప్పడం వచ్చు."

"ఆటలాడకు. దీన్ని తీసేస్తున్నా. రెండు నెలలు ఆగితే పద్ధతిగా నేనే రాసిస్తాను."

"అన్నాళ్లూ అమ్మ నోరు మూసుకోవాలా? తియ్యి చూద్దాం!"

మంచం మీంచి అమ్మ ఎడమచెయ్యి చాచి ఫోన్ లాక్కుంది. తడుముతూ ఒక బొమ్మను నొక్కింది.

"వద్దు," అంది ఫోన్.

"అది కాదమ్మా, నేను చెప్పేది..."

"వద్దు. వద్దు."

అమ్మ జబ్బుపడ్డాక తిండీ, స్నానం, నిద్రా అన్నీ మేమే నిర్ణయించాం. నాతో సహా ఎవరమూ ఆమెను అడగలేదు.

అన్నయ్య కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నాడు.

"ఇంకా ఏమేం వద్దో చెప్పమ్మా," అన్నాడు.