నల్ల సాక్సుల జత

"ఆడిటర్‌ని కట్టుకోవడమంటే రూలు పుస్తకంతో కాపురం చెయ్యడమే అత్తయ్యా. పుస్తకమైతే ఇంకా నయం, మూసేస్తే ఊరుకుంటుంది."

కొత్త దేశంలో విమానం దిగి, కస్టమ్స్ వరసలో నిలబడి కోడలు ఈ మాట అంటుండగానే, ఆఫీసరు వాళ్ల పెద్ద పెట్టెను పక్కకు లాగాడు.

"ఇది ఎవరిది?"

"నాదేనండి," అన్నాడు ఆడిటర్.

"తాళం తీసుకుని లోపలికి రండి. ముగ్గురూ."

కిటికీ లేని గది. స్టీలు బల్ల, ప్లాస్టిక్ కుర్చీలు, గోడ నిండా తేకూడని వస్తువుల బొమ్మలు, ఒక్కోదాని మీద అడ్డంగా ఎర్ర గీత. అత్తగారు కుర్చీలో కూలబడింది.

"నీకు తెలియని రూలు ఇంకోటి మిగిలిందట్రా?"

"మామూలు తనిఖీలే అమ్మా. మన దగ్గర ఏముంది?" అని అతను భార్య వైపు తిరిగాడు. "ఏం లేదుగా?"

"నన్నడుగుతారేం? పొద్దున్నుంచి ఇది ఎన్నోసారి?"

ఆఫీసరు చొక్కాలు తీశాడు, తువ్వాళ్లు దులిపాడు, సాక్సుల దగ్గరికొచ్చాడు. సాక్సులను జతలుగా బంతుల్లా చుట్టి సర్దడం కోడలి పద్ధతి. అతను ఒక్కో బంతినీ నొక్కి చూసి పక్కన పెడుతున్నాడు. నల్ల జత దగ్గర అతని వేళ్లు ఆగాయి. విప్పాడు. వేలెడంత నీలం గొట్టం ఒకటి టక్కుమని బల్ల మీద పడింది.

ఆడిటర్ ఒక్క క్షణం ఆ గొట్టాన్ని చూశాడు, ఒక్క క్షణం సాక్సుల్ని చూశాడు.

"పెన్నులా ఉంది, ఏమిట్రా అది?" అంది అత్తగారు.

"ఎలక్ట్రానిక్ సిగరెట్టమ్మా," అన్నాడు ఆఫీసరు. "మీరు బయల్దేరిన చోట కొట్లో అమ్ముతారేమో. ఇక్కడ దగ్గర ఉంచుకోవడమే నేరం. కొన్నచోటి చట్టం కాదు, దిగినచోటి చట్టమే లెక్క. వస్తువు ఎవరిదైతే వాళ్ల వీసా రద్దు చేసి వెనక్కి పంపిస్తాం. మిగతావాళ్లు వెళ్లిపోవచ్చు. చెప్పండి, ఎవరిది?"

"నాదే," అన్నాడు ఆడిటర్.

అంత తొందరగా అతను ఎప్పుడూ దేనికీ సంతకం కూడా పెట్టలేదు.

అత్తగారు కొడుకు మీద విరుచుకుపడింది. "వారం రోజులు టిఫిను దగ్గర కూర్చోబెట్టి మాకు వీటి గురించే పాఠం చెప్పావు కదరా. ఒక దేశంలో కొనుక్కోవచ్చు, ఇంకో దేశంలో డాక్టరు చీటీ ఉండాలి, మరో చోట జేబులో ఉంటేనే కేసు. మధ్యలో విమానం మారితే ఆ ఊరి చట్టం కూడా చూసుకోవాలి. పెద్ద పెట్టెలో అసలే పెట్టకూడదు, బ్యాటరీ అంటుకుంటుంది. మనింట్లో పొగ తాగేవాళ్లెవరున్నార్రా, గోడలకా ఇదంతా అంటే ఏమన్నావు? వినాల్సినవాళ్లు వింటారులే అమ్మా అన్నావు. నీకు నువ్వే చెప్పుకున్నావన్నమాట."

"అమ్మా, ఊరుకో."

"ఎందుకూరుకోవాలి? చేస్తున్న ఉద్యోగం వదిలేశావు. ఇల్లు ఖాళీ చేశాం. సోమవారం కొత్త ఆఫీసులో చేరాలి. ఇప్పుడు వెనక్కెళ్లి ఎవరి అరుగు మీద కూర్చుందాం?" ఆవిడ కళ్లు తుడుచుకుని, పక్క కుర్చీలో ఉన్న కోడలి భుజం మీద చెయ్యి వేసింది. "పాపం ఈ పిల్ల. నువ్వు పాఠం మొదలెట్టగానే మొక్కలకి నీళ్లు పోస్తానని బాల్కనీలోకి వెళ్లి తలుపేసుకునేది. ఉన్నవి రెండు కుండీలు, ఇన్నిసార్లు నీళ్లేమిటా అనుకునేదాన్ని. ఇప్పుడు తెలిసింది. మొగుడి గుట్టు బయట పెట్టలేక అక్కడ నిలబడి కుమిలిపోయిందన్నమాట."

కోడలి భుజం ఆ చేతి కింద బిగుసుకుపోయింది. భర్త వైపు చూసింది. ఆయన గోడ మీది బొమ్మల్ని చూస్తున్నాడు, మొదటిసారి చదువుతున్నట్టు.

ఆఫీసరు కాగితం ముందుకు లాక్కుని, కలం మూత తీసి, మళ్లీ పెట్టేశాడు.

"సార్, ఇంకొకరిది నెత్తిన వేసుకునేవాళ్లు ఈ గదిలోకి చాలామంది వస్తారు. అబద్ధం చెబితే అది ఇంకో కేసు. మీ మొహం చూస్తే నాకు నమ్మకం కుదరడం లేదు. మీదే అయితే దీన్ని ఒకసారి ఆన్ చేసి చూపించండి."

ఆడిటర్ గొట్టాన్ని చేతిలోకి తీసుకున్నాడు. థర్మామీటరు పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. ఒక కొన నొక్కాడు. రెండో కొన నొక్కాడు. గోటితో పక్కన గీరాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. నుదుటి మీద చెమట కనుబొమ్మలోకి జారింది.

"వాడికి గ్యాసు పొయ్యి వెలిగించడమే రాదు బాబూ," అంది అత్తగారు, కోపంలో కూడా కొడుకుని వెనకేసుకొస్తూ.

"బటన్... ఇక్కడే ఉండాలి," అన్నాడతను. "కంగారులో కనబడడం లేదు."

"కంగారు లేకుండానే వెతకండి. నేను ఆగుతాను."

అతను మళ్లీ మొదటి కొన నుంచి మొదలుపెట్టాడు.

కోడలు అత్తగారి చేతిని మెల్లగా తన భుజం మీద నుంచి తీసి, ఆవిడ ఒళ్లో పెట్టింది. లేచి రెండడుగులు వేసి భర్త చేతిలోంచి ఆ గొట్టాన్ని తీసుకుంది.

"దీనికి బటన్ ఉండదండీ, పీలిస్తే అదే వెలుగుతుంది," అంది తల ఎత్తకుండా. "తప్పు నాదే."